తెల్లబండ మలుపు

దూరపు కొండలు నునుపు అన్న మహానుభావుడెవరో గానీ, ఆయన మోటారు సైకిలు మీద కొండెక్కి ఉండడు. అత్తగారి ఇంటి వెనకున్న కొండ దగ్గర నుంచి చూసినా నునుపే. మోకాలెత్తు గడ్డి, మధ్యలో ఒక కాలిబాట, సగం పైన ఒక తెల్లబండ, ఆ బండ పక్కన ఒక మలుపు. పిల్లలు పలక మీద గీసిన బొమ్మలా అమాయకంగా ఉంటుంది. ముందుచక్రం దాని మీద పెట్టాక గానీ దాని అసలు బుద్ధి బయటపడదు.

ఆ బుద్ధి అత్తగారికి నాలుగు రోజులుగా బాగానే తెలిసొస్తోంది. అరవై దాటిన మనిషి, ఎడమ మోకాలు అరిగిన మనిషి, ఖాళీ తేనెపెట్టె ఒకటి బోర్లించుకుని, దాని మీద కాలు మోపి, డర్ట్ బైకు మీదికి ఎక్కుతోంది. బైకు చిన్నదే. కోడలు చిన్నతనంలో నేర్చుకున్న బండి. దానికి మేక అని ముద్దుపేరు కూడా ఉంది. స్కూటరు మీద తేనె సీసాలు పెట్టుకుని ఊరంతా తిరిగిన దాన్ని, ఇదో లెక్కా అనుకుంది అత్తగారు. మొదటిరోజే మేక ఆవిడను పొదలో దింపి, తను కూడా పక్కనే పడుకుని, గాలిలో చక్రం తిప్పుకుంటూ ఉండిపోయింది.

“మళ్లీ!” అని అరిచింది కోడలు, కొండ కింద వేసుకున్న ప్లాస్టిక్ కుర్చీలోంచి.

ఈ వయసులో ఈ సర్కసు ఎందుకంటే, కొండ మీద అత్తగారి తేనెపెట్టెలు ఉన్నాయి. మామగారు బతికున్న రోజుల్లో ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని మోసుకెళ్లి పెట్టినవి. ఆయన పోయాక కూడా ఆవిడ ఒక్కతే ఎక్కుతూ, దిగుతూ వాటిని చూసుకుంది. ఇప్పుడు మోకాలు మొరాయించింది. పైన చెట్లు పూతకొచ్చే రోజులు. పూతప్పుడు వారానికొకసారైనా పెట్టె మూత తీసి చూడకపోతే, తేనెటీగలు చోటు చాలక గుంపుగా లేచి వాటి దారి అవి చూసుకుంటాయి.

కొడుకు లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో వాళ్లందరినీ పైకెక్కించి కిందికి దించే పని అతనిది. కన్నతల్లిని మాత్రం ఈ చిన్న కొండ ఎక్కించే ఉపాయం తోచలేదు. అందుకని, ప్రేమతోనే, వేరే ఏర్పాటు చేశాడు. పక్క లోయలో పళ్ల తోట ఉన్న ఆయన ఆదివారం తెల్లవారగానే, ఈగలు బయటికి రాకముందే, మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి పెట్టెలు దించుకుపోతాడు. ఈగలుంటే పూత బాగా కాయ కడుతుందని తన తోటలో పెట్టుకుంటాడు.

“నీకు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు వెళ్లి చూసుకోవచ్చమ్మా,” అన్నాడు కొడుకు, భోజనాల బల్ల దగ్గర.

“చూసుకోవడానికి అవేమన్నా బొమ్మలట్రా?”

“మరి డాక్టరు ఏమన్నాడు? ఎత్తు ఎక్కొద్దన్నాడా, లేదా?”

“నడిచి ఎక్కొద్దన్నాడు.”

“నడవకుండా ఎలా ఎక్కుతావు? ఎగిరెళ్తావా?”

అప్పటిదాకా తల దించుకుని తింటున్న కోడలు, “బండి మీద ఎక్కుతారు. నేను నేర్పిస్తా,” అంది.

కొడుక్కి పొలమారింది. “మొక్కై వంగనిది మానై వంగుతుందా?” అన్నాడు నీళ్లు తాగి. అత్తగారికి మాత్రం ఆశ్చర్యం ఇంకొకందుకు కలిగింది. ఎందుకంటే ఈ కోడలు ఒకప్పుడు కొండలెక్కే పందేల్లో పేరు మోసిన పిల్ల. అలమారలో ఆమె కప్పులు పెట్టాక గిన్నెలకు చోటు లేకుండా పోయింది. కానీ ఆ తెల్లబండ మలుపు దగ్గరే ఒకరోజు సాధన చేస్తూ పడి, భుజం ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది. కోడలు మాత్రం మళ్లీ బండి ఎక్కలేదు. ఆమె పెద్ద బైకు పాకలో టార్పాలిన్ కింద ఉంది. ఆమె రోజూ స్పేర్ పార్టుల దుకాణానికి బస్సులో వెళ్లి, ఇతరుల బళ్లకు చెయిన్లూ టైర్లూ అమ్మి వస్తుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇప్పుడు కూడా ఆమె “నేర్పిస్తా” అంది గానీ “చూపిస్తా” అనలేదు. ఆ తేడా అత్తగారు గమనించింది.

తోటాయన కూడా ఈ మాట విని నవ్వి, “ఆదివారానికి ఆవిడ ఎక్కగలిగితే పెట్టెలు ఆవిడవే. ఎక్కలేకపోతే నేను పట్టుకుపోతా,” అన్నాడు. న్యాయమైన మాటే.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఈ ఇంట్లో ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఉత్తమమూ గుణమూ రెండూ అంతంత మాత్రమే. అయినా పోట్లాట అన్నది ఎప్పుడూ లేదు. కారణం ఒకటే. కోడలిది ఇంజిన్ల మధ్య పెరిగిన గొంతు. ఉప్పు అందివ్వమన్నా అగ్గి అంటుకుందేమో అన్నట్టు అరుస్తుంది. ఆ గొంతు లేచిందంటే కొడుకు స్నానాల గదిలోకి, అత్తగారు తేనెటీగల దగ్గరికి. గొంతు తగ్గాక ఇద్దరూ తిరిగొస్తారు. అలా సంసారం ప్రశాంతంగా సాగిపోతోంది.

పాఠాలు మొదలైనప్పుడు మాత్రం పారిపోవడానికి స్నానాల గది దొరకలేదు.

“ముందు ఓడిపోవడం నేర్చుకోండి అత్తయ్యా,” అంది కోడలు మొదట్లోనే. “కొండ మధ్యలో బండి ఆగిపోవడం తప్పు కాదు. అందరికీ ఆగుతుంది. ఆగాక గాభరాపడి క్లచ్ నొక్కడం తప్పు. నొక్కారా, బండి మిమ్మల్ని కూడా వెంటబెట్టుకుని వెనక్కి జారుతుంది. గేర్లో ఉండనివ్వండి. ముందు బ్రేకు పట్టుకోండి. కొండ వైపున్న కాలే కింద పెట్టండి. బండిని కొండకి ఆనించి, పైవైపు దిగి, మెల్లగా తిప్పి, కిందికి రండి. మళ్లీ మొదలెట్టండి. అంతే.”

అత్తగారికి ఇది తేలిగ్గా అబ్బింది. తేనెటీగల మధ్య బతికిన మనిషికి గాభరా ఏముంటుంది? ఈగ చెంప మీద వాలినా ఊపిరి బిగబట్టి నిలబడటం అలవాటు. బండి ఆగగానే ఆవిడ శిలలా ఆగేది. నిదానంగా దిగేది. పసిబిడ్డను పక్కకు తిప్పినట్టు తిప్పేది. కోడలికి కూడా వంక పెట్టడానికి ఏమీ కనపడలేదు.

ఎక్కడం దగ్గరే వచ్చింది చిక్కు.

“గేర్ కిందే వేసుకోవాలి. రెండో గేర్. మధ్యలో మార్చేది లేదు!” అని అరిచేది కోడలు. “ఊపంతా కింద చదునులోనే తెచ్చుకోవాలి. కొండ మీద అప్పు పుట్టదు! సీట్లో ముందుకి జరగండి. ఇంకా! ట్యాంకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు. గడ్డం హ్యాండిల్ మీదికి! వెనక్కి వాలితే ముందుచక్రం లేచి మిమ్మల్ని కప్పేస్తుంది!”

“వాలడం లేదమ్మాయ్!”

“చక్రం వంక చూడకండి! చూపు ఎటుంటే బండి అటు పోతుంది. పైకి చూడండి! వెనకచక్రం మట్టి చిమ్మితే కాస్త వెనక్కి జరిగి, యాక్సిలేటర్ వెంట్రుకవాసి తగ్గించండి. వెంట్రుకవాసే! మూసేయకండి!”

అన్నీ నేర్చుకుంది అత్తగారు. వెనక ఎవరినైనా కూర్చోబెట్టుకుంటే ఈ ఎత్తు మీద ముందుచక్రం నేల మీద నిలవదు కాబట్టి, ఎక్కితే ఒంటరిగానే ఎక్కాలని కూడా తెలుసుకుంది. చదునులో ఊపందుకుని, గడ్డిలో దూసుకుపోయి, తెల్లబండ దాకా కోడలే మెచ్చుకునేలా వెళ్లేది. సరిగ్గా అక్కడ, మలుపు తిరిగే చోట, మేక ఒక్కసారి గర్జించి, గుక్కపట్టి, ఆగిపోయేది. ప్రతిసారీ అక్కడే. పొద్దున్న అక్కడే, సాయంత్రం అక్కడే. కొత్తగా పెట్రోలు పోసినా అక్కడే.

“చెయ్యి మూసేస్తున్నారు!” అని కింద నుంచి కేక. “ఇంజిన్ కష్టపడుతున్నప్పుడే కదా ఇవ్వాలి! అప్పుడే ఎందుకు తీసేస్తారు?”

“నేను తియ్యడం లేదే!” అనేది అత్తగారు. నిజంగానే అనుకునేది, తను తియ్యడం లేదని.

శనివారం మధ్యాహ్నానికి కోడలి గొంతు బొంగురుపోయింది. చివరిసారి మేకను తిప్పుకుని అత్తగారు కిందికొచ్చేసరికి, ఆమె కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

“ఇక చాలండి. తాడిచెట్టు ఎక్కేవాణ్ణి ఎంతవరకని ఎగదోస్తాం? ఇది అవదు,” అంది.

అత్తగారికి ఏడుపొచ్చింది. హెల్మెట్ తీస్తే కనపడుతుందని, తీయకుండానే ఇంటిదాకా నడిచి వెళ్లింది.

సాయంత్రం పెరట్లో కూర్చుంది. అక్కడ ఒకే ఒక్క పెట్టె ఉంటుంది. జబ్బుపడి నీరసించిన గుంపును అంతకుముందు కొండ మీంచి దింపించి, కళ్లెదుట పెట్టుకుని బాగుచేసింది. రేపటి నుంచి మిగిలేది ఇదొక్కటే. వాటినైనా ఒకసారి పలకరిద్దామని మూత ఎత్తి, లోపలి చట్రం మీద వేళ్లు వేసింది. లోపల ఝుమ్మన్న మోత ఒక్కసారిగా పెరిగింది. ఆవిడ చెయ్యి మెత్తగా, దానంతటదే, వెనక్కి వచ్చేసింది.

అత్తగారు ఆ చేతి వంక చూసింది. మళ్లీ వేళ్లు పెట్టింది. మళ్లీ మోత. మళ్లీ చెయ్యి వెనక్కి. ఆవిడ రమ్మనలేదు, అదే వచ్చింది. మోత పెరిగితే చెయ్యి తియ్యి. తేనెటీగల దగ్గర మొట్టమొదటి పాఠం అదే. ఇన్నేళ్లు ఆ చెయ్యి ఆ ఒక్క పాఠాన్నే చదువుకుంది. ఇప్పుడు దానికి ఈగ ఏదో, ఇంజిన్ ఏదో ఎవరు చెప్పాలి?

“ఓసి నీ ఇల్లు బంగారం కానూ! దొంగవు నువ్వన్నమాట,” అంది చేతితో.

దొంగ దొరికింది సరే, దాన్ని ఏం చేయాలో తోచలేదు. మూత పెట్టేసి, పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుంది. పెట్టె గుమ్మం దగ్గర కొన్ని ఈగలు బారులు తీరి, తోకలెత్తి, రెక్కలు అదే పనిగా ఆడిస్తున్నాయి. పెట్టె మొత్తం హోరెత్తిపోతోంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు ఆ హోరు విని ఆవిడ పరుగు లంకించుకుంటే, మామగారు నవ్వి చెయ్యి పట్టుకుని ఆపారు. “కోపం కాదే పిచ్చిదానా, పని. తేనె పచ్చిగా ఉంటే విసిరి ఆరబెడుతున్నాయి. కోపమైతే కీచుగా ఉంటుంది. ఇది చూడు, నిండుగా ఉంది. దీనికి భయపడక్కర్లేదు, దగ్గరికెళ్లు,” అన్నారు. ఆవిడ ఆ రోజు వెళ్లింది. ఆ తర్వాత ఎన్నడూ ఆ హోరుకు వెనక్కి తగ్గలేదు.

అదే సమయానికి వంటింట్లోంచి కోడలి గొంతు లేచింది. అలవాటు కొద్దీ అత్తగారు పీట మీంచి లేవబోయింది. లేవబోయి, ఎందుకో ఈసారి ఆగి, మాటలు విన్నది. చిత్రమేమిటంటే, ఇన్నేళ్లలో ఆవిడ ఆ గొంతే విన్నది గానీ మాటలు ఎప్పుడూ పూర్తిగా వినలేదు.

“ఈ హెల్మెట్ పట్టీ ఇలాగేనా కుట్టేది? గట్టిగా లాగితే ఊడొస్తోంది! రేపు పొద్దున్న మీ అమ్మ పడితే తల ఏం కావాలి?”

“ఇక అవదన్నావుగా నువ్వే!” కొడుకు గొంతు, ఎక్కడో స్నానాల గది వైపు నుంచి.

“అవదన్నాను! ఎక్కరని నేనన్నానా? ఆవిడ సంగతి నీకు తెలీదు, రేపు మళ్లీ ఎక్కుతారు! ఆ బండ దగ్గరికి వెళ్లినప్పుడల్లా నా ప్రాణాలు పోతున్నాయి ఇక్కడ! సూది ఇటివ్వు!”

అత్తగారు మళ్లీ పీట మీద కూర్చుంది. ఆ మలుపు దగ్గర ఇంజిన్ గర్జనతో పాటు కింద నుంచి ఈ పిల్ల కేక కూడా లేచేది. ఎందుకు లేవదు? పడింది అక్కడే కదా. అది కోపం అనుకుని, తను చెయ్యి తీసేస్తూ వచ్చింది. బండి మీద నాలుగు రోజులుగా. ఇంట్లో, పెళ్లయి కోడలు వచ్చినప్పటి నుంచీ.

ఆదివారం వెలుగు సరిగ్గా రాకముందే అత్తగారు సంచి వీపుకు తగిలించుకుని, బోర్లించిన పెట్టె మీద కాలు మోపి మేకనెక్కింది. తోటాయన అప్పుడే ట్రక్కు దిగి, మనుషులతో పెరటి గోడ దగ్గర నిలబడ్డాడు. కొడుకు ఆయనకు టీ ఇస్తూ, సగం టీ ఆయన చెప్పుల మీద పోశాడు. కోడలు ఈసారి కుర్చీ తెచ్చుకోలేదు. వచ్చి, హెల్మెట్ పట్టీ గట్టిగా లాగి చూసి, పక్కకు తప్పుకుంది.

రెండో గేర్. చదునులో ఊపు. అత్తగారు సీటు కొసకు జరిగి, గడ్డం ముందుకు చాచి, కొండ కొమ్ము మీద ఉన్న తన చెట్ల వంక చూసింది. గడ్డి రెండు పక్కలా పడుకుంటూ వెనక్కి పోయింది. తెల్లబండ ఎదురొచ్చింది. ఆవిడ దాని వంక చూడలేదు. మలుపు. మేక గర్జించింది. కింద నుంచి కేక లేచింది.

“వదలకు! వదలకు! పట్టుకో!”

చెయ్యి వెనక్కి రాబోయింది. దానికి తెలిసింది అంతే మరి. అత్తగారు ఆ మోతను చెవులారా విన్నది. కీచుగా లేదు. నిండుగా ఉంది. కింద నుంచి వచ్చే మోతా అంతే, నిండుగా ఉంది.

“కోపం కాదే పిచ్చిదానా, పని,” అంది చేతితో, పైకే. మణికట్టు ఇంకాస్త కిందికి తిప్పింది. వెనకచక్రం మట్టి చిమ్మింది, ఒక్క గుటక వేసినంత సేపు పక్కకు కొట్టుకుంది, తర్వాత నేల పట్టు దొరికింది. ఇన్నిసార్లు కింద నుంచి చూసిన తెల్లబండ వెనకవైపు మేక మీంచి ఆవిడకు మొదటిసారి కనిపించింది. దానికి వెనకవైపు నాచు పట్టి ఉంది.

పైన నేల చదునైంది. అత్తగారు ఇంజిన్ ఆపి, దిగి, ఒక పెట్టెను పట్టుకుని నిలబడింది. “వచ్చానర్రా,” అంది పెట్టెలన్నిటితో. తర్వాత ఎవరూ చూడటం లేదు కదా అని కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది. ఎండ మొదటి కిరణం పడగానే ఒక ఈగ గుమ్మంలోకి వచ్చి, ఆవిడను చూసి, పెద్దగా పట్టించుకోకుండా పనికి వెళ్లిపోయింది.

ఈగలు కుట్టకుండా వలటోపీ పెట్టుకుని, వాటిని నెమ్మదింపజేసే పొగడబ్బా వెలిగించి, ఒక్కో మూతా ఎత్తి చూసింది. చివరి పెట్టె పై అర నిండిపోయి, రాయిలా బరువెక్కి ఉంది. అప్పుడు ఫోన్ తీసి కోడలికి చేసింది.

“అత్తయ్యా! పడ్డారా? ఎక్కడ?”

“పెట్టెల దగ్గరున్నానమ్మాయ్. ఎక్కేశాను. తోటాయన ఏడి?”

“ఇక్కడే నవ్వుతున్నారు. పూతప్పుడు రెండు పెట్టెలు మా తోటకి పంపిస్తే చాలంటున్నారు.” కోడలి గొంతు ఇందాకటి అరుపులకు పూర్తిగా పోయింది. మిగిలిన గాలితోనే మాట్లాడుతోంది. “మీ అబ్బాయి ఇంకో టీ ఒలకబోశాడు.”

“వాడి సంగతి వదిలెయ్. ఇందాక నన్ను ‘నువ్వు’ అన్నావు.”

“కంగారులో అనేశానండీ...”

“బాగుంది. అప్పుడప్పుడూ అను. సరే గానీ, ఇక్కడ ఒక పెట్టె నిండిపోయింది. ఎత్తాలంటే చెరో పక్కా పట్టుకోవాలి. ఇంకో మనిషి కావాలి.”

“మీ అబ్బాయిని పంపిస్తా.”

“వాడు నడిచొచ్చేసరికి పొద్దుగూకుతుంది. పైగా ఈగ కనపడితే నాకంటే ముందు కిందుంటాడు. ఇంకోటి కూడా ఉంది. నాకు ఎక్కడం నేర్పావు గానీ, దిగడం నేర్పలేదు.”

“అదేంటండీ? మధ్యలోంచి ఎన్నిసార్లు తిరిగి దిగలేదు మీరు?”

“అది మధ్యలోంచి. ఇది పైనుంచి. నాకు భయం,” అంది అత్తగారు, ఏమాత్రం భయం లేని గొంతుతో. “ఎవరైనా వచ్చి చూపించాలి.”

కోడలు ఫోన్ పెట్టేసింది.

అత్తగారు కొండ అంచుకు వెళ్లి తొంగి చూడలేదు. చూస్తే ఆ పిల్లకు బరువవుతుందని, పెట్టెల దగ్గరే రాయి మీద కూర్చుంది. కింద నిశ్శబ్దం. పాక తలుపు కిర్రుమంది. టార్పాలిన్ లాగిన చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం, అది మరీ పొడుగ్గా సాగింది. ఆ తర్వాత ఇంజిన్ దగ్గింది, ఆగింది, దగ్గింది, అంటుకుంది. మేకది కాని గొంతు, దానికి పెద్దమ్మలాంటి గొంతు.

ఆ మోత చదునులో పరుగందుకుని, గడ్డిలో పైకి పాకి, తెల్లబండ దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

అత్తగారు ఊపిరి బిగబట్టింది. లేవలేదు, కేకెయ్యలేదు. ముందు ఓడిపోవడం నేర్చుకోండి అన్న పిల్లకు తను ఏం చెప్పాలి? కొండకి ఆనించు. పైవైపు దిగు. మెల్లగా తిప్పు. మనసులో అనుకుంటూనే ఉంది. కాసేపటికి బండి కిందికి దిగుతున్న చప్పుడు వినిపించింది. ఇంటి వైపు పోతుందా అని చెవులు రిక్కించింది. పోలేదు. చదునులో తిరిగింది. మళ్లీ మొదలైంది.

ఈసారి మలుపు దగ్గర మోత తగ్గలేదు, పెరిగింది. కీచుగా కాదు, నిండుగా. అత్తగారి కుడిచెయ్యి గాలిలోనే పిడికిలి బిగించి ఇంకాస్త కిందికి తిరిగింది. మోత బండ దాటి ఇటు వైపు వచ్చేసింది.

అప్పుడావిడ లేచి, సంచి విప్పింది. పొద్దున్నే ఇంట్లో ఎవరూ లేవకముందు అందులో పెట్టుకున్న రెండో వలటోపీని బయటికి తీసి, మడతలు దులిపి, చేత పట్టుకుని నిలబడింది.